బడిలో చేరిన బిడ్డ, కదలని బోధన: కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతములలో ప్రత్యేక అవసరములు గల పిల్లల బోధనా పద్ధతులపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో సండే స్కూలు వార్షికోత్సవము వచ్చినదంటే కంఠత వాక్యముల పోటీ ఉండి తీరుతుంది. ఎక్కువ వచనములను తప్పు లేకుండా, ధారాళముగా అప్పజెప్పిన బిడ్డకు ప్రథమ బహుమతి ఇస్తాము. వేసవిలో జరిగే వి.బి.ఎస్. తరగతులలోను ఇదే కొలత. ఈ అలవాటును మేము తృణీకరించుట లేదు. వాక్యమును హృదయములో భద్రపరచుకొనుట మేలే. అయితే ఆ పోటీకి పేరు ఇవ్వని పిల్లలు ఎవరు? వినికిడి లేని బిడ్డ, మాట తడబడే బిడ్డ, అక్షరము ఎంతకీ పట్టుబడని బిడ్డ, బుద్ధి వికాసము మందముగా సాగుతున్న బిడ్డ, ఇంటిలో గోండి మాటలాడి ఆరాధనలో తెలుగు వినే బిడ్డ. వీరిని మనము ప్రేమతోనే చూస్తాము, వెనుక వరుసలో కూర్చోబెడతాము, చివరలో ఒక మిఠాయి పొట్లము చేతిలో పెడతాము. వారికి ఏమి నేర్పితిమి అని మాత్రము ఎవరూ అడుగరు.

ఈ వ్యాసములో మేము చెప్పదలచిన విషయము ఒక్కటే. గడచిన 50 సంవత్సరములలో ప్రభుత్వ పథకములు, చట్టములు ప్రత్యేక అవసరములు గల బిడ్డను బడి లోపలికి తెచ్చినవి. కాని బోధన తన స్థానము నుండి కదలలేదు. బోధన బిడ్డ దగ్గరకు చేరనప్పుడు ఆ వైఫల్యమును మనము బిడ్డ పేరిట వ్రాస్తున్నాము. ప్రభుత్వ పాఠశాలకు, మిషను పాఠశాలకు, సండే స్కూలుకు, సెమినరీకి కూడ ఈ విమర్శ వర్తిస్తుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలను (2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో ఇవి పలు జిల్లాలైనవి) దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన చేస్తున్నాము.

1. పేర్లు మారినవి, చూపు మారినదా?

మన ఊళ్లలో శరీర లోపమున్న మనిషిని ఆ లోపము పేరుతోనే పిలిచే అలవాటు ఇంకా పోలేదు. ప్రభుత్వ భాషలో వికలాంగులు అన్న మాట చాలాకాలము నిలిచినది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన తరువాత దివ్యాంగులు అన్న మాట వ్యాప్తిలోనికి వచ్చినది. విద్యాశాఖ వారు ప్రత్యేక అవసరములు గల పిల్లలు అంటారు. బోధకునికి ఎక్కువ ఉపయోగపడే మాట ఈ మూడవదేనని మా అభిప్రాయము. మొదటి మాట లోపమును చూపుతుంది. రెండవ మాట ఆ లోపమునకు దైవత్వమును తొడుగుతుంది. మూడవ మాట ‘ఈ బిడ్డకు ఏమి కావలెను’ అని గురువును అడుగుతుంది.

మన మనస్సులలోని చిత్రము కూడ పాతబడినది. వైకల్యము అనగానే పోలియో సోకి కాలు సన్నబడిన బిడ్డ మన కన్నుల ఎదుట నిలుస్తాడు. భారతదేశములో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులో నమోదైనది. 2014 మార్చి 27న మన దేశము ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. పోలియో సోకిన బిడ్డకు బండి, కాలిపర్స్, బడి మెట్ల ప్రక్కన ర్యాంపు కావలసి వచ్చెను. పాఠము మాత్రము అందరికీ చెప్పినదే అతనికీ సరిపోయెను. నేడు మన తరగతులలో కనబడే సెరిబ్రల్ పాల్సీ, ఆటిజము, అభ్యసన వైకల్యము, బుద్ధిమాంద్యము వంటి వాటిలో ర్యాంపు కట్టినంత మాత్రమున పని తీరదు. పాఠమునే మార్చవలెను. మన దయ ఇంకను ర్యాంపు దగ్గరనే ఆగియున్నది.

2. చట్టము తెచ్చినది, తేలేనిది

1974లో కేంద్ర ప్రభుత్వము వికలాంగ బాలల సమ్మిళిత విద్యా పథకమును ఆరంభించినది. 1995 చట్టము ఏడు విధములైన వైకల్యములను గుర్తించినది. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చినది. ఆ పథకము క్రింద మన మండలములలో భవిత కేంద్రములు వెలసినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనికి వచ్చి, వైకల్యముల సంఖ్యను 21కి పెంచినది. చదువుట, వ్రాయుట, లెక్కించుటలో కలిగే నిర్దిష్ట అభ్యసన వైకల్యమునకు చట్టములో స్థానము అప్పుడే దొరికినది. అంతవరకు ఆ బిడ్డకు సోమరి అన్నదే పేరు.

ఈ చట్టము సమ్మిళిత విద్యకు ఇచ్చిన నిర్వచనమును కాపరులు శ్రద్ధగా చదువవలెను. అందులో రెండు భాగములున్నవి. వైకల్యము ఉన్నవారు, లేనివారు కలిసి నేర్చుకొనుట మొదటి భాగము. వారి వారి అవసరములకు తగినట్లు బోధనాభ్యసన విధానమును మార్చుట రెండవ భాగము. మన పాఠశాలలు మొదటి భాగమును నెరవేర్చి పని ముగిసినదనుకొంటున్నవి. హాజరు పట్టికలో పేరు, సదరం సర్టిఫికెట్టులో 40 శాతము, పింఛను పుస్తకము, ఇవన్నీ ఉన్నవి. పాఠము ఎట్లు మారినది అన్న గడి ఏ పట్టికలోను కనబడదు. పరీక్షలలో సహాయకుని చేత వ్రాయించుకొనుట, అదనపు సమయము, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి సౌకర్యములను చట్టము పేర్కొన్నది. ఇవి న్యాయమైనవే. కాని ఇవి సంవత్సరాంతములో ఇచ్చే ఊరట మాత్రమే. సంవత్సరము పొడవున బోధన జరుగకపోతే సహాయకుడు వ్రాయుటకు బిడ్డ దగ్గర ఏముంటుంది?

ఉపాధ్యాయుల కొరత ఇంకొక వాస్తవము. 2021లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరములు గల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో ప్రతి 15 మందికి ఒకరు ఉండవలెనని సూచించినది. తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రకటించిన డి.ఎస్.సి.లోని 11,062 ఉద్యోగములలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంటు, 796 ఎస్.జి.టి. ఉద్యోగములు కేటాయించినది. ఇది మెచ్చుకోదగిన అడుగు. అయినను రాష్ట్రమంతటికి 1,016 మంది అన్నప్పుడు, సిర్పూరు, తిర్యాణి వంటి మండలములలోని గూడెములకు వారిలో ఎవరు, వారములో ఎన్ని గంటలు చేరగలరో ఊహించుట కష్టము కాదు. భవిత కేంద్రములలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే రిసోర్సు పర్సన్లు మంచము మీదనున్న బిడ్డ ఇంటికే వెళ్లి నేర్పే ఏర్పాటు ఉన్నది. వారు వచ్చిపోయిన తరువాత మిగిలిన దినములలో ఆ పాఠమును కొనసాగించవలసినది ఇంటివారు. తండ్రి దుబాయిలో, తల్లి బీడీల చాట ముందు, బిడ్డ నాయనమ్మ ఒడిలో ఉన్న కరీంనగర్ ప్రాంతపు ఇంటిలో ఆ కొనసాగింపు ఎవరి వంతు? ఈ ఖాళీయే సంఘము ప్రవేశించవలసిన చోటు.

మిషను పాఠశాలలకు ఒక మాట. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి ట్రస్టు కేసులో అల్పసంఖ్యాక వర్గముల విద్యాసంస్థలను విద్యాహక్కు చట్టము నుండి మినహాయించినది. 2025లో అదే న్యాయస్థానములోని ఒక ధర్మాసనము ఆ తీర్పుపై సందేహము వెలిబుచ్చి విషయమును ప్రధాన న్యాయమూర్తికి నివేదించినది. ఆ చర్చ ఎటు తేలినను, 2016 చట్టములోని 16వ సెక్షను ప్రభుత్వ నిధులు పొందే సంస్థల గూర్చియు, గుర్తింపు పొందిన సంస్థల గూర్చియు మాటలాడుతున్నది. మినహాయింపును చూపి వికలాంగ బిడ్డకు తలుపు మూయుట మిషను పాఠశాలకు శోభ కాదు. అమృతసర్‌లో 1887లో ఆనీ షార్ప్ అంధుల కొరకు పాఠశాల తెరచినప్పుడును, పాళయంకోటలో ఆస్క్‌విత్ అంధులకు, ఫ్లోరెన్స్ స్వెయిన్‌సన్ బధిరులకు 19వ శతాబ్దము చివరి దశకములో బోధన ఆరంభించినప్పుడును వారిని బలవంతపెట్టిన చట్టమేదియు లేదు. వారు ఆశ్రయముతో ఆగక, చదువు నేర్పే పద్ధతిని పట్టుకొనిరి. వారి వారసులమని చెప్పుకొనే మనము ఆశ్రయమును ఉంచుకొని పద్ధతిని విడిచితిమి.

3. ఆదిలాబాదు: భాష అనే రెండవ అడ్డంకి

ఉమ్మడి ఆదిలాబాదులో వైకల్యమును గూర్చి మాటలాడువారు భాషను విడిచి మాటలాడలేరు. గోండి, కోలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు, ఇన్ని భాషలు ఒక్క సంతలో వినబడే ప్రాంతమిది. ఆరేండ్ల కోలాము బిడ్డ ఆశ్రమ పాఠశాలలో చేరి, తెలుగులో అడిగిన ప్రశ్నకు మౌనముగా ఉన్నాడనుకొందాము. ఆ మౌనమునకు మూడు కారణములుండవచ్చును. బిడ్డకు వినబడకపోవచ్చును. బుద్ధి వికాసము వెనుకబడి ఉండవచ్చును. లేదా, వినబడుతున్నది, బుద్ధియు చక్కగా ఉన్నది, భాష మాత్రమే తెలియకపోవచ్చును. మూడింటికి మందు వేరు వేరు. తెలుగులోనే ప్రశ్నించి, తెలుగులోనే పరీక్షించే వారికి ఈ మూడు ఒకే విధముగా కనబడతాయి. అప్పుడు ఆరోగ్యవంతుడైన బిడ్డకు మందబుద్ధి అన్న ముద్ర పడుతుంది. నిజముగా చెవుడున్న బిడ్డను ‘భాష రాదు, మెల్లగా నేర్చుకొంటాడు’ అని విడిచిపెడతారు. రెండవ పొరపాటు మొదటిదానికంటె ప్రమాదకరము. వినికిడి లేని బిడ్డకు తొలి యేండ్లలోనే ఏదో ఒక భాష, సైగల భాషయైనను, అందకపోతే ఆ నష్టము తరువాత పూడుట బహు కష్టము.

దీనికి కాపరి వైద్యుడు కానక్కరలేదు. ఇంటికి వెళ్లి రెండు సంగతులు కనుగొనవచ్చును. వెనుక నుండి పళ్లెము మీద తట్టినప్పుడు బిడ్డ తిరిగి చూస్తున్నాడా? అవ్వ తన భాషలో ‘నీళ్ల చెంబు తే’ అని సైగ లేకుండా చెప్పినప్పుడు తెస్తున్నాడా? ఇవి పరీక్షలు కావు, సూచనలు మాత్రమే. అనుమానము కలిగితే బిడ్డను జిల్లా ఆసుపత్రికి పంపవలెను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ బడులలోను పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉన్నదని ఇంటివారికి తెలుపవలెను.

బోధన బిడ్డ దగ్గరకు కదలిన ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉన్నది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము మరణించిన తరువాత నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను అధ్యయనము చేయుటకు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను నియమించినది. ఆయన మార్లవాయిలో నివసించెను. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము ఏర్పడినది. కొద్దిపాటి అక్షరజ్ఞానము ఉన్న గోండు యువకులను ఎన్నుకొని, వారినే గురువులుగా తీర్చిరి. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకములు సిద్ధము చేసిరి. మార్లవాయి పాఠశాల వికలాంగుల కొరకు పుట్టినది కాదు. అయినను ప్రత్యేక విద్యకు మూలసూత్రమైన సంగతి అక్కడ కనబడుతుంది: బిడ్డకు తెలిసిన దాని నుండి తెలియని దానికి నడిపించుట, అతని వారిలో నుండే గురువును లేపుట. తరువాతి కాలములో గోండి మాధ్యమము వెనుకబడి తెలుగు దాని స్థానమును ఆక్రమించినది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండి, కోలామి సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను మరల ప్రయత్నించినది. ఒక తరములో నేర్చుకొన్నదానిని మరచి తరువాతి తరములో మరల మొదలుపెట్టుట మన విద్యావ్యవస్థకు అలవాటైనది.

4. పద్ధతులు: నాలుగు అవసరములు

అక్షరము పట్టుబడని బిడ్డ. తెలుగు లిపి అందమైనదే గాని, అభ్యసన వైకల్యము ఉన్న బిడ్డకు అది దట్టమైన అడవి. మ, య; ప, వ, ష; డ, ద; బ, భ ఒకదానిని పోలి ఒకటి ఉంటాయి. గుణింతపు గుర్తు పైన, ఒత్తు క్రింద, అక్షరము మధ్యన. కన్ను మూడు దిక్కులు తిరుగవలెను. ఇటువంటి బిడ్డకు వర్ణమాలను వరుసగా అప్పగించుట వ్యర్థము. పోలిక గల అక్షరములను ఒకే వారములో నేర్పకూడదు. ఒక్కొక్క అక్షరమును ఇసుకలో వ్రేలితో దిద్దించి, శబ్దమును పలికించి, ఆ శబ్దముతో మొదలయ్యే వస్తువును చేతికి ఇవ్వవలెను. మన సండే స్కూలులో దీనికి తోడు ఇంకొక చిక్కు ఉన్నది. కరీంనగర్ బిడ్డ ఇంటిలో మాటలాడేది ఒక తెలుగు, బడి పుస్తకములో ఉన్నది ఇంకొక తెలుగు, బైబిలులో ఉన్నది మూడవ తెలుగు. ఇంటిలో ‘పోతున్నడు’ అనే బిడ్డ చేత ‘వెళ్లుచున్నాడు’ అని అప్పజెప్పించి, అర్థమైనదనుకొంటాము. చురుకైన బిడ్డ అర్థము కాకున్నను అప్పజెప్పి బహుమతి తీసికొంటాడు. చదువలేని బిడ్డ తన భాషలో ఆ కథను చక్కగా చెప్పగలిగినను ఓడిపోతాడు. ఇక్కడ పరీక్షింపబడినది విశ్వాసమా, జ్ఞాపకశక్తియా?

చూపు లేని బిడ్డ. బ్రెయిలీలో ఆరు చుక్కల కూర్పుతో అక్షరములు ఏర్పడతాయి. 1951లో రూపొందిన భారతీ బ్రెయిలీ తెలుగుకును వర్తిస్తుంది. అందులో పైన, క్రింద అన్నవి లేవు. హల్లు, దాని వెంట అచ్చు గుర్తు, ఒకే వరుసలో నడుస్తాయి. ఒత్తునకు బదులు, హల్లులను కలిపే గుర్తును ముందు ఉంచి వాటిని వరుసగా వ్రాస్తారు. కనుక ‘క్రింద వత్తు పెట్టు’ అని చెప్పే గురువు ఆ బిడ్డకు లేని ప్రపంచమును గూర్చి మాటలాడుతున్నాడు. ఫ్లాన్నెల్ బోర్డు చిత్రములు, రంగుల చార్టులు కూడ అంతే. మన చేతికి అందే సాధనములు మన దగ్గరనే ఉన్నవి. పొనికి కర్రతో నిర్మల్ కళాకారులు చెక్కే జంతువులు, పండ్లు తడిమి తెలిసికొనుటకు చక్కగా పనికివస్తాయి. అవి ఖరీదైనచో బంకమట్టి ఉన్నది. నోవహు ఓడలో ఏమి ఉన్నదో చేతితో తడిమిన బిడ్డ చిత్రమును చూసిన బిడ్డకంటె తక్కువ నేర్చుకొనడు.

వినికిడి లేని బిడ్డ. ‘పెదవులను చూసి అర్థము చేసికొంటాడులే’ అన్నది మనలో ప్రబలిన భ్రమ. పెదవులపై ప, బ, మ ఒకే తీరుగా కనబడతాయి. భారతీయ సంజ్ఞా భాషకు తనదైన వ్యాకరణము ఉన్నది. అది తెలుగును చేతులతో చెప్పుట కాదు. 2015లో కేంద్ర ప్రభుత్వము ఆ భాష కొరకు న్యూఢిల్లీలో పరిశోధన, శిక్షణ కేంద్రమును స్థాపించినది. ఆ కేంద్రము వెలువరించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు చేరినది. ఒక సండే స్కూలు గురువు ఆ నిఘంటువు వీడియోల నుండి వారమునకు ఐదు సంజ్ఞలు నేర్చుకొన్నను సంవత్సరములో 250 దాటతాయి. అంతకంటె ముఖ్యము, తరగతిలోని ఇతర పిల్లలు కూడ నేర్చుకొనుట. గురువు ఒక్కడే నేర్చుకొంటే ఆ బిడ్డకు గురువు దొరుకుతాడు. పిల్లలందరు నేర్చుకొంటే స్నేహితులు దొరుకుతారు.

బుద్ధి వికాసము మందముగా సాగే బిడ్డ. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడి నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలువబడుతున్న జాతీయ సంస్థ మన రాష్ట్రములోనే ఉన్నది. ఆ సంస్థ రూపొందించిన మదింపు పట్టికలు బిడ్డ ఏ తరగతి అని అడుగవు. తినుట, బట్టలు తొడుగుకొనుట, డబ్బు గుర్తించుట వంటి పనులలో ఏది స్వయముగా చేయగలడు, ఏది సహాయముతో చేయగలడు అని అడుగుతాయి. పనిని చిన్న మెట్లుగా విడగొట్టుట ఇక్కడ ముఖ్యమైన పద్ధతి. చొక్కా గుండీ పెట్టుట నేర్పవలెనంటే, గురువు గుండీని కన్నములో సగము దూర్చి చివరి లాగుడు మాత్రము బిడ్డకు విడిచిపెట్టును. అది వచ్చిన తరువాత దానికి ముందరి మెట్టు. ఈ విధముగా వెనుక నుండి ముందునకు నేర్పినయెడల బిడ్డ ప్రతిసారి పని పూర్తిచేసిన సంతోషముతో లేస్తాడు. ప్రభువు ప్రార్థనను కూడ ఇట్లు నెలకు ఒక మనవి చొప్పున, అభినయముతో, చివరి మాటను బిడ్డకు విడిచి నేర్పవచ్చును. మన ఒగ్గుకథలో ప్రధాన కథకుడు చెప్పగా వంతలవారు పల్లవిని తిరిగి తిరిగి అందుకొంటారు. కథ అంతయు చెప్పలేని బిడ్డ వంత పాడగలడు. కథనములో అతనికి స్థానము ఉన్నది. ఉపన్యాసములో ఆ స్థానము లేదు.

5. వాక్యమును మనము చదివే తీరు

మన బోధనా పద్ధతి కదలకపోవుటకు మన వాక్యవివరణ కూడ కొంత కారణము. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూసి పాపము ఎవరిదని అడిగిరి. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. అయినను స్వస్థత కూటములలో తల్లిదండ్రులను నిలువబెట్టి అదే ప్రశ్న అడుగుట నేటికిని మానలేదు. స్వస్థత కొరకు ప్రార్థించుటను మేము ఆక్షేపించుట లేదు. స్వస్థత జరుగువరకు చదువును ఆపివేయుటను ఆక్షేపిస్తున్నాము. ప్రార్థన ఒక గంట. బిడ్డ ఎదిగే కాలము మరల రాదు.

రోమా పత్రిక 10వ అధ్యాయము 17వ వచనమును ఆధారము చేసికొని, వినలేనివానికి విశ్వాసము ఎట్లు కలుగును అని అడిగే వారున్నారు. అక్కడి గ్రీకు పదము అకొయే. దానికి వినుట అనియు, వినిన వర్తమానము అనియు అర్థములున్నవి. పౌలు వాదనలోని బరువు క్రీస్తును గూర్చిన వర్తమానము మీదనే గాని చెవి అన్న అవయవము మీద లేదు. ఆ వర్తమానము చేతివ్రేళ్ల ద్వారా వచ్చినను, కదిలే చేతుల ద్వారా వచ్చినను వర్తమానమే.

మార్కు 7వ అధ్యాయములో చెవిటివాని విషయమై ప్రభువు చేసిన క్రమమును గమనించండి. అతనిని సమూహములో నుండి ఏకాంతముగా తీసికొనిపోయెను. చెవులను, నాలుకను ముట్టెను. ఆకాశము వైపు కన్నులెత్తెను. నిట్టూర్చెను. మాట పలుకకముందు జరిగినదంతయు వినలేనివాడు చూచి, తాకి గ్రహించగలిగినదే. 8వ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివానిని ముట్టిన తరువాత, ఏమి కనబడుచున్నదని అడిగి, అతని జవాబు విని, మరల ముట్టెను. ఇవి స్వస్థత వృత్తాంతములే గాని బోధనాశాస్త్ర గ్రంథములు కావని మాకు తెలియును. అయినను ఎదుటివాని స్థితిని బట్టి తన తీరును మార్చుకొనిన ప్రభువును వెంబడించువారు, ఒకే తీరును అందరి మీద మోపుట తగదు.

మెఫీబోషెతును గూర్చి మనము తరచుగా ప్రసంగిస్తాము. రాజు బల్ల యొద్ద కుంటివానికి దొరికిన చోటును కృపకు సాదృశ్యముగా చూపుతాము. అదే అధ్యాయములో (2 సమూయేలు 9) దావీదు సౌలు భూములను అతనికి తిరిగి ఇప్పించి, సీబాను, అతని కుమారులను, పనివారిని ఆ భూమి సేద్యమునకు నియమించిన సంగతి ప్రసంగములలో వినబడదు. కూర్చుండుటకు చోటు ఒకటి, ఆ మనిషి నిలద్రొక్కుకొనుటకు ఏర్పాటు ఒకటి. దావీదు రెండును చేసెను. మన చట్టము చెప్పిన రెండు భాగములు ఇవే. మనము బల్ల దగ్గర చోటు చూపి సీబాను మరచితిమి.

6. కొన్ని అభ్యంతరములు

‘ఒక్క బిడ్డ కొరకు నలభై మంది పాఠము చెడదా?’ అని గురువులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. అయితే పైన చెప్పిన పద్ధతులలో మిగిలిన పిల్లలకు హాని చేసేది ఏది? మట్టితో చేయుట, అభినయించుట, వంత పాడుట, తన మాటలలో కథ చెప్పుట, ఇవి నలభై మందికిని మేలు చేస్తాయి. కష్టము పిల్లలకు కాదు, సిద్ధపాటు లేకుండా తరగతికి వచ్చే గురువునకు.

‘ప్రత్యేక పాఠశాలలే మేలు కదా?’ అని మరి కొందరు. ఈ మాటను తేలికగా కొట్టివేయలేము. వినికిడి లేని పిల్లలకు తమ భాష మాటలాడే తోటివారు కావలెను. సాధారణ బడిలో ఒంటరిగా కూర్చోబెట్టి దానిని సమ్మిళిత విద్య అనుట పరిహాసము. 2006 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 24వ అధికరణము కూడ అంధులకు, బధిరులకు వారి భాష, వారి వికాసమునకు తగిన వాతావరణము ఉండవలెనని చెప్పినది. మన చట్టము కూడ 6 నుండి 18 సంవత్సరముల వరకు దగ్గరి బడినో, ప్రత్యేక పాఠశాలనో ఎన్నుకొనే హక్కును బిడ్డకు ఇచ్చినది. కనుక ఎక్కడ చదువవలెను అన్నదానికి ఒకే జవాబు లేదు. ఎక్కడ చదివినను బోధన అతనికి తగినదై ఉండవలెను అన్నదానిలో మాత్రము రాజీ లేదు.

7. సెమినరీలు ఏమి చేయవలెను?

విమర్శను మన ఇంటి వద్దనే ముగించుట ధర్మము. చూపు లేని అభ్యర్థి బి.డి. చదువగోరి వచ్చినయెడల హెబ్రీ, గ్రీకు వ్యాకరణములను ఏ రూపములో అతనికి ఇస్తాము? గ్రంథాలయములోని ఏ పుస్తకము అతడు చదువగలడు? ఎన్.వి.డి.ఎ. వంటి ఉచిత సాఫ్ట్‌వేరు యూనికోడ్‌లోని తెలుగును చదివి వినిపిస్తుంది. అయితే మన క్రైస్తవ సాహిత్యములో అధిక భాగము అను ఫాంట్లలో టైపు చేయబడినది. ఆ అక్షరములు కంటికి తెలుగుగా కనబడినను కంప్యూటరుకు అర్థము లేని గుర్తులే. పుటలను ఫోటో తీసి పి.డి.ఎఫ్. చేసినవియు అంతే. ఇకమీదట ముద్రించే ప్రతి పాఠ్యగ్రంథమును, ఈ పత్రికతో సహా, యూనికోడ్‌లో కూడ భద్రపరచినయెడల, పెద్ద ఖర్చు లేకుండా ఒక తలుపు తెరుచుకొంటుంది.

క్రైస్తవ విద్య అన్న పాఠ్యాంశములో ప్రత్యేక బోధనను ఒక చివరి పాఠముగా కాక, అభ్యాసముగా చేర్చవలెను. వారాంతపు పరిచర్యకు వెళ్లే విద్యార్థి తన సంఘములో ఇటువంటి ఒక్క బిడ్డను ఎన్నుకొని, తల్లిదండ్రుల సమ్మతితో ఆరు నెలలు నేర్పి, ఏ మెట్టు నుండి ఏ మెట్టునకు వచ్చెనో వ్రాసి చూపవలెను. భవిత కేంద్రములోని రిసోర్సు పర్సన్‌ను సెమినరీకి పిలిచి వారి అనుభవమును వినవలెను. ఆదిలాబాదు వైపు వెళ్లే విద్యార్థికి గోండిలోనో, కోలామిలోనో ఒక కథ చెప్పుట రావలెను. సంఘములు కంఠత వాక్యముల పోటీని మానవలసిన పని లేదు. దాని ప్రక్కన కథను బొమ్మగా చేసినవారికి, అభినయించినవారికి, సైగలతో చెప్పినవారికి, తోటి బిడ్డకు నేర్పినవారికి సమానమైన బహుమతులు పెట్టవలెను.

ముగింపు

2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వైకల్యముతో జీవిస్తున్నవారు. ఆ లెక్క నాడు ఏడు, ఎనిమిది రకములకే పరిమితము. అభ్యసన వైకల్యము గల బిడ్డ అందులో విడిగా లెక్కకు రాలేదు. మన సంఘపు రిజిస్టరులో కూడ అతడు లేడు. అతడు వెనుక వరుసలో ఉన్నాడు. నోరు కదపుతూ, అందరితో పాటు అప్పజెప్పుతున్నట్లు కనబడుతూ ఉన్నాడు.

చట్టము తన వంతు సగము చేసినది, మిగిలిన సగమును గురువు చేయవలెను. రాబోవు ఆదివారము తరగతికి వెళ్లే ముందు ప్రతి కాపరి, ప్రతి విద్యార్థి తన పాఠమును చేతిలోనికి తీసికొని, ‘ఇది చూడలేని బిడ్డకు, వినలేని బిడ్డకు, చదువలేని బిడ్డకు, తెలుగు రాని బిడ్డకు ఏ మార్గమున చేరును?’ అని నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. ఒక్క ప్రశ్నకైనను జవాబు దొరకనిచో ఆ పాఠము ఇంకను సిద్ధము కాలేదని గ్రహించి, మరల సిద్ధపడవలెను.